మైన్‌రాడ్ స్విట్జర్లాండ్ ప్రయాణం

మైన్‌రాడ్ హైన్‌ట్సర్‌ని నేను మొదటిసారి చూసినప్పుడు వాడు ఒక ఆంబోతు ముక్కు మీద పిడికిలితో గుద్దుతున్నాడు. అప్పటికి వాడికి పందొమ్మిదేళ్లు. ఆంబోతు వాణ్ణి ఇనప కంచెకి అదిమిపెట్టి తలతో కుమ్ముతోంది. ఇంకొకడైతే కేకలు వేసేవాడు. వీడు నోరు మూసుకుని, ఒక చేత్తో దాని ముక్కుతాడు రింగు పట్టి మెలిపెడుతూ, రెండో చేత్తో గుద్దుతూనే ఉన్నాడు. చివరికి ఆంబోతే విసుగెత్తి వెనక్కి తగ్గింది. వాడు నెత్తురు ఉమ్మి నావైపు చూశాడు.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తున్నావ్? గిట్టలు చెక్కడానికేగా వచ్చావు, చెక్కుకో పో."

రెండు పక్కటెముకలు విరిగాయని మర్నాడు తెలిసింది. ఆ పూట మాత్రం పాలు పితకడం మానలేదు.

నా పేరు బాల్ట్స్ షెల్‌బెర్ట్. కాలిఫోర్నియాలోని సాన్ వాకిన్ లోయలో పాల డెయిరీలన్నీ తిరిగి ఆవుల గిట్టలు చెక్కడం నా వృత్తి. దానికి తోడు మా స్విస్ క్లబ్బుకి కార్యదర్శిని. కార్యదర్శి అంటే కుర్చీలు సర్దేవాడు, తిట్లు తినేవాడు, మూడేళ్లకోసారి స్విట్జర్లాండ్‌లో జరిగే పెద్ద కుస్తీ పండక్కి మావాళ్లని పంపే ఏర్పాట్లు చూసేవాడు. ఈ చివరి పనే మైన్‌రాడ్ జీవితంతో నన్ను ముడివేసింది. వద్దన్నా విడిపోని ముడి అది.

వాడి తండ్రి పెద్ద హైన్‌ట్సర్ స్విట్జర్లాండ్‌లోని మువోటా లోయ నుంచి ఇరవై రెండేళ్లప్పుడు కాలిఫోర్నియా వచ్చాడు. మంచి పనివాడు, దుర్మార్గుడు. ఈ రెండో మాట వాడు పోయాక గానీ మాలో ఎవరూ పైకి అనలేదు, అది మా పిరికితనం. కొడుక్కి ఆరేళ్లప్పుడు గడ్డి కొట్టంలో కుస్తీ నేర్పడం మొదలుపెట్టాడు. నేర్పడమంటే ఎత్తి కుదెయ్యడమే. మొదటి వారంలోనే పిల్లాడి మెడ పక్క ఎముక విరిగింది. లేవకపోతే పాల మిషను రబ్బరు గొట్టంతో వీపు చిట్లేలా కొట్టేవాడు. కొట్టిన ప్రతిసారీ ఒకటే పాట.

"కాలిఫోర్నియా పాలు తాగిన దూడవిరా నువ్వు! మా లోయలో అడుగుపెట్టావంటే ముసలాళ్లు కూడా నిన్ను కుస్తీ బరి పొట్టులో పాతేస్తారు."

ఆ తండ్రి మీదికి ఒక ఏడు వానాకాలంలో పశువుల మేత గుట్ట విరిగిపడింది. పలుగులతో తవ్వి తీసేసరికి ప్రాణం లేదు. మట్టి వేసి వస్తుంటే మైన్‌రాడ్ కంట్లో చుక్క నీరు లేదు. నా ట్రక్కు తలుపుని ఒక్క తన్ను తన్నాడు. సొట్ట పడింది.

"చచ్చాడు ముసలాడు. ఇప్పుడు నేనెవడికి చూపించాలి బాల్ట్స్?"

"ఏం చూపిస్తావురా?"

"ఆ లోయ వాళ్లకి చూపిస్తా. పెద్ద పండగలో, వాళ్ల పొట్టులో, వాళ్లవాణ్ణే పడేసి చూపిస్తా. దూడ ఎవడో తేలిపోద్ది."

ఆ రోజు నుంచి వాడికి ఇంకో ఆశ లేదు. పెళ్లి మాటెత్తితే అక్కణ్ణుంచి వచ్చాక అనేవాడు. పాలు పితికే షెడ్డు గోడకి స్విట్జర్లాండ్ పటం అంటించుకున్నాడు. పేడ చింది, మందునీళ్లు చింది, సగం పటం పచ్చబడిపోయింది. జూరిక్‌లో దిగి ఏ రైలు ఎక్కాలో, ఏ స్టేషన్లో మారాలో, ఏ బస్సు లోయలోకి పోతుందో అడిగినవాడికీ అడగనివాడికీ అప్పజెప్పేవాడు. రెండుసార్లు క్లబ్బు తరఫున పండక్కి వెళ్లే చోటు వాడికి కొద్దిలో తప్పిపోయింది. చూస్తుండగానే ముప్పై ఎనిమిదేళ్లొచ్చాయి. ఆ వయసులో మోకాళ్లు మనిషి మాట వినవు. ఇదే ఆఖరి అవకాశమని వాడికీ తెలుసు, మాకూ తెలుసు.

మా కుస్తీ గురించి రెండు మాటలు. ప్యాంటు మీద మందపాటి గోనెగుడ్డ నిక్కరు తొడుక్కుంటారు. రంపపు పొట్టు పోసిన గుండ్రటి బరిలో ఒకరి నిక్కరు ఒకరు పట్టుకుని పెనుగులాడతారు. రెండు భుజాలూ నేలకి ఆనినవాడు ఓడినట్టు. అప్పుడు గెలిచినవాడు వాడి వీపుకంటిన పొట్టుని తన చేత్తో దులపాలి. దులపకుండా పోతే గెలుపు గెలుపే, ఆ మనిషిని మాత్రం మాలో ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు. మైన్‌రాడ్ ఎన్నిసార్లో దులపకుండా పోయాడు. అడిగితే ఒకటే జవాబు. "నేను పడ్డప్పుడు ఎవడు దులిపాడు?"

ఆ ఏడు జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రయాణం సంగతి మాట్లాడుకోవడానికి క్లబ్బులో కూర్చున్నాం. బయట పొగమంచులో ఎదుటి మనిషి కనబడటం లేదు. లోపల సాసేజీలు కాలుతున్నాయి. మా క్లబ్బుకి వచ్చింది ఒక్కటే చోటు. జూన్ పోటీలో ఎక్కువ పాయింట్లు ఎవరికొస్తే వాళ్లదే. లెక్కలోకి వచ్చేవాళ్లు ఇద్దరే, మైన్‌రాడ్, గాలుస్ ఇంహోఫ్. గాలుస్‌కి ఇరవై ఏడేళ్లు. బాదం తోటల్లో చెట్లు దులిపే యంత్రం నడుపుతాడు. నవ్వితే ఎదుటివాడికీ నవ్వొస్తుంది. నాలుక మాత్రం దురద.

నేను విమానం, బస, వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సిన బాదం సంచులు, అన్నీ చదువుతున్నాను. మైన్‌రాడ్ మధ్యలో అందుకున్నాడు. "పోయినసారి వెళ్లినవాడి పాస్‌పోర్టు ఆలస్యం చేశారు. నాది ఇప్పుడే పంపు."

గాలుస్ సాసేజీ నములుతూ అన్నాడు. "నీకు పాస్‌పోర్టు ఎందుకన్నా? పశువుల డాక్టరు చీటీ చాలు. చెవికి ఒక బిళ్ల కొట్టించుకో, సామాన్లలో వేసి పంపేస్తాం."

హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. మైన్‌రాడ్ లేచి, బల్ల మీంచి వంగి, గాలుస్ మూతి మీద ఒక్కటి ఇచ్చాడు. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు గాలుస్. మైన్‌రాడ్ బల్లెక్కి దూకి వాడి మీద కూర్చుని మళ్లీ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. నలుగురం పట్టుకుంటే గానీ ఊడిరాలేదు. నా మోచేయి బెణికింది. గాలుస్ రెండు పళ్లు సాసేజీ పళ్లెంలో పడ్డాయి.

మా అధ్యక్షుడు క్లెమెన్స్ పెద్దాయన డెబ్భై ఏళ్ల మనిషి. గొంతు పెంచడు. ఆ రోజు కర్రతో బల్ల మీద బాదాడు.

"మైన్‌రాడ్, విను. నిన్ను పంపితే అక్కడ నువ్వు కాదు, మేమందరం నిలబడినట్టు. బయట ఇంకొక్క దెబ్బ కొట్టావా, నీ పేరు కొట్టేస్తా. బరిలో ఒక్కడి వీపు దులపకుండా పోయావా, అప్పుడూ కొట్టేస్తా. పాయింట్లు ఎన్నున్నా సరే. అర్థమైందా?"

మైన్‌రాడ్ పిడికిలి నెత్తురు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "అర్థమైంది పెద్దాయనా."

నిజంగానే అర్థమైంది వాడికి. ఆ ఐదు నెలలూ ఎవరినీ తాకలేదు. కోపమొస్తే వెళ్లి ఎండుగడ్డి మోపుల్ని గుద్దేవాడు. ఒకసారి మోపు అనుకుని గోడనే గుద్దాడని వాడి పనివాళ్లు నవ్వుకున్నారు.

జూన్ పోటీ రోజు ఎండ మాడ్చేసింది. మైన్‌రాడ్ పొద్దుటి నుంచి నలుగురిని పడేశాడు. ఒకడి భుజం కీలు తప్పింది, ఇంకొకడు ముక్కులో నెత్తురుతో లేచాడు. నలుగురి వీపులూ దులిపాడు. పేడ కడిగేవాడిలా మొహం పెట్టి దులిపాడు గానీ, దులిపాడు. క్లెమెన్స్ న్యాయనిర్ణేతల బల్ల దగ్గర కూర్చుని ప్రతిసారీ తలూపాడు. పక్కన నేను పాయింట్లు రాస్తున్నాను.

ఆఖరి కుస్తీ గాలుస్‌తో. చేతులు కలిపారు. గాలుస్ కట్టుడు పళ్లు బయటపెట్టి నవ్వాడు. "ఈసారి కూడా పళ్లే తీసుకో అన్నా, ప్రయాణం నాకొదిలెయ్."

పట్టు పట్టారు. గాలుస్ వేగం మైన్‌రాడ్‌కి అందలేదు. రెండుసార్లు గాలుస్ వాణ్ణి మోకాళ్ల మీదికి లాక్కొచ్చాడు. మూడోసారి గాలుస్ తల వచ్చి మైన్‌రాడ్ చెవికి తగిలి చెవి అంచు చీలింది. నెత్తురు మెడ మీంచి కారి పొట్టు ముద్దలు కట్టింది. మైన్‌రాడ్ అరిచాడు, ఆంబోతు దగ్గర కూడా అరవని మనిషి. గాలుస్‌ని నడుం పట్టి నిలువునా లేపి, గిర్రున తిప్పి, తన బరువంతా వాడి మీద వేసి పడ్డాడు. గాలుస్ తల ముందు నేలకి తగిలింది. తర్వాత భుజాలు. ఆ పైన నూట ఇరవై కిలోల మైన్‌రాడ్. ఎండు కొమ్మ విరిగిన చప్పుడొకటి వచ్చింది. వెనకాల బెంచీ చెక్క విరిగిందనుకున్నాను. ఒట్టు, అదే అనుకున్నాను.

గెలిచాడు. ప్రయాణం వాడిది. జనం గంటలు వాయిస్తున్నారు, టోపీలు ఎగరేస్తున్నారు. వాడు లేచి, రెండు చేతులూ ఆకాశంలోకి చాచి, ఏడుస్తూ బరి అంచుకి నడుస్తున్నాడు. క్లెమెన్స్ కర్ర అందుకోవడం చూశాను. పందొమ్మిదేళ్లు ఎదురుచూసిన మనిషి ఒక్క నిమిషం మతిమరుపుకి పోగొట్టుకుంటాడే అని నా ప్రాణం కొట్టుకుంది. లేచి నిలబడి గొంతు చించుకున్నాను.

"మైన్‌రాడ్! వీపు! వాడి వీపు దులపరా!"

విన్నాడు. పరుగున వెనక్కి వచ్చాడు. గాలుస్ కదలకుండా వెల్లకిలా పడి ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరందక పడుకున్నాడనుకున్నాం అందరం. మైన్‌రాడ్ వాడి చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున లేపి కూర్చోబెట్టాడు. గాలుస్ తల ముందుకి వేలాడింది, మళ్లీ పక్కకి వాలింది. మైన్‌రాడ్ ఒక చేత్తో భుజం పట్టుకుని రెండో చేత్తో వీపు దులిపాడు. పైనుంచి కిందికి దులిపాడు. క్లెమెన్స్‌కి కనబడాలని ఇటు తిప్పి మళ్లీ దులిపాడు. వాడు అంత శ్రద్ధగా ఒకడి వీపు దులపడం అదే మొదటిసారి. మా వైపు చూసి నవ్వాడు కూడా.

చెయ్యి తీయగానే గాలుస్ పక్కకి ఒరిగిపోయాడు. వాడి భార్య వెరెనా కేక అప్పుడు వినిపించింది.

ఆసుపత్రిలో డాక్టరు మా ముగ్గురినీ నిలబెట్టి అడిగింది. "మెడ ఎముక పడ్డప్పుడే విరిగింది. అలాగే పడుకోబెట్టి ఉంటే లోపలి నరాలు దక్కేవేమో. ఎవరు లేపారు?"

"నేను" అన్నాడు మైన్‌రాడ్.

ఎవరు లేపమన్నారని ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు. క్లెమెన్స్ తన కర్ర వైపు చూస్తూ నిలబడ్డాడు. వెరెనా మైన్‌రాడ్ మొహం మీద ఉమ్మింది. వాడు తుడుచుకోలేదు.

గాలుస్ బతికాడు. భుజాలు, మోచేతులు పనిచేస్తాయి. వేళ్లు ముడుచుకోవు. ఛాతీ కింద ఏమీ తెలియదు.

పాయింట్ల ప్రకారం చోటు మైన్‌రాడ్‌దే అని కమిటీ తేల్చింది. బరిలో జరిగింది బరిలోనే, దులిపాడు కూడా కదా అన్నారు. ఆ మాట ఎలా అనగలిగారో వాళ్లనే అడగాలి. టికెట్టు పట్టుకుని నేను వాడి డెయిరీకి వెళ్లాను. ఆవుల్ని ఒక్కొక్కదాన్ని మెడ పట్టే ఇనప చట్రంలో నిలబెట్టి గిట్టలు చెక్కుతున్నాను. వాడు నా పక్కకి వచ్చాడు. ఖాళీగా ఉన్న చట్రంలో కుడిచెయ్యి పెట్టాడు, ఎడంచేత్తో మీట లాగాడు. వేళ్లు నలిగిన చప్పుడుకి ఆవు బెదిరి నన్ను తన్నింది. నేను లేచేసరికి వాడు ఇంకా మీట పట్టుకునే ఉన్నాడు.

"రాసుకో బాల్ట్స్. హైన్‌ట్సర్ రావడం లేదు."

మూడు వేళ్లు తీసేశారు. ఆ ఏడు ఇంకో ఊరి క్లబ్బువాడు వెళ్లాడు.

కట్టు విప్పిన వారం నుంచి మైన్‌రాడ్ ప్రతి ఆదివారం గాలుస్ ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాడు. మొదటి ఆదివారం వెరెనా పారకర్ర తిరగేసి కొట్టింది. చేతులు అడ్డం పెట్టుకోలేదు వాడు. గుమ్మంలోనే నిలబడి, ఆవిడ అలిసిపోయాక వెళ్లిపోయాడు. రెండో ఆదివారమూ అంతే. నుదురు చిట్లి కుట్లు పడ్డాయి. మూడో ఆదివారం లోపలి గదిలోంచి గాలుస్ కేకేశాడు.

"అస్తమానం నువ్వే కొడితే ఎలాగే వెరెనా? వాణ్ణి లోపలికి పంపు. నాకూ వాటా ఉంది."

మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు మైన్‌రాడ్. గాలుస్ పిడికిలి బిగియదు కాబట్టి మణికట్టు ఎముకతో కొట్టాడు, వాడి చెంప మీద, కంటి మీద, చీలిన చెవి మీద. కొడుతూ ఏడ్చాడు. తర్వాత, "దాహంగా ఉంది, నీళ్లివ్వు" అన్నాడు. అలా మొదలైంది. మూడేళ్లపాటు ఆదివారం వచ్చిందంటే ముందు దెబ్బలు, ఆ తర్వాత స్నానం. వెరెనా ఒక్కతే ఎత్తలేని మనిషిని మైన్‌రాడ్ రెండు చేతుల్లో ఎత్తి తొట్టిలో కూర్చోబెట్టేవాడు, మంచం పుళ్లు పడకుండా ఒత్తిగిలబెట్టేవాడు, మలమూత్రాలు ఎత్తేవాడు. ఊళ్లో ఇది తెలిసి కొందరు వాణ్ణి మంచివాడన్నారు. ఎదురుపడి అన్న ఒకడి మూతి పగలగొట్టాడు.

పోయిన నెల గాలుస్ నన్ను పిలిపించాడు. "మళ్లీ పండగొస్తోందిగా. కాగితాలు పట్రా. ఈసారి నేనెళ్తున్నా, చూడ్డానికి."

ఎవరితో అని అడిగాను.

"వీడితో."

మైన్‌రాడ్ దుప్పటి మడతపెడుతున్నాడు. ఆగిపోయాడు. "నేను రాను గాలుస్. ఏ మొహం పెట్టుకుని రాను?"

"దగ్గరికి రా చెప్తా" అన్నాడు గాలుస్. వాడు వంగాడు. మణికట్టు వచ్చి నోటి మీద పడింది. పెదవి చిట్లి దుప్పటి మీద నెత్తురు చుక్కలు పడ్డాయి.

"ఆ మొహమే పెట్టుకుని రా. నన్ను విమానం ఎక్కించేదెవడు? ఆ బెంచీల మెట్లు ఎక్కించేదెవడు? వెరెనా నడుం విరగాలా? ఆ లోయ వాళ్లకి నువ్వేంటో చూపిస్తానన్నావుగా. బస్సెక్కించి తీసుకెళ్లి చూపించు. నన్ను చూపించు."

మైన్‌రాడ్ గోడకి చేరగిలబడి నేల మీద కూలబడ్డాడు. తండ్రి పోయినప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. పెద్ద మనిషి, పశువులా ఏడ్చాడు. వెరెనా వంటింట్లోంచి వచ్చి చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. గాలుస్ కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. నాకు లేచి పారిపోవాలనిపించింది. బదులుగా మూడేళ్లుగా దాచుకున్నది బయటికొచ్చేసింది.

"గాలుస్, ఆ రోజు వీడు వెళ్లిపోతుంటే లేపి దులపమని అరిచింది నేను. వీడు ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

"తెలుసు" అన్నాడు గాలుస్, తల తిప్పకుండానే. "విన్నాను. కాళ్లు పోయాయి గానీ చెవులకేం కాలేదుగా. వద్దని అందామనుకున్నా. గాలి రాలేదు."

నన్నూ కొడతాడేమోనని దగ్గరికి జరిగాను. కొట్టలేదు. మైన్‌రాడ్‌కి ఇచ్చిన ఆ దయ నాకు ఇవ్వలేదు.

"కాగితం నింపు" అన్నాడు.

విమానంవాళ్ల కాగితం. కుర్చీలో ప్రయాణించే మనిషి పేరు, బరువు, తోడు వచ్చేవాడి పేరు, అన్నీ రాశాను. తర్వాత తోడు వచ్చేవాడు ఏమవుతాడు అని ఒక గడి ఉంది. అడక్కుండానే స్నేహితుడు అని రాసేశాను. గాలుస్ కాగితం మొహం దగ్గరికి పెట్టించుకుని చదివాడు.

"ఎవడు చెప్పాడు నీకు? కొట్టెయ్."

"మరేం రాయను?"

"నన్ను పడేసినవాడు అని రాయి."

కొట్టేసి అదే రాశాను. మైన్‌రాడ్ నేల మీంచి లేచి, పెదవి నెత్తురు భుజానికి తుడుచుకుని వచ్చాడు. ఆ గడిలో ఏముందో చదివాడు. కుడిచేతి రెండు వేళ్ల మధ్య కలం ఇరికించుకుని కింద సంతకం పెట్టాడు.